అంటు చచ్చిన మొక్కలు

రాజమండ్రిలో నేను స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది. కింద వాళ్లు చీరలు విప్పి పరుస్తూ "చూడండమ్మా, చూస్తే పోయేదేం లేదు" అని కేకలేస్తుంటే, పైన మేము అంతకన్నా గట్టిగా "హౌ డూ యూ డూ" అని అరిచేవాళ్లం. చెప్పేది హైస్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు. డిగ్రీ చదువుతూ కడియం నుంచి బస్సులో వచ్చి వెళ్లే నాలాంటి వాళ్లే ఆయన క్లాసు నిండా.

ఒకరోజు బోర్డు మీద రెండు మాటలు రాశారు. హిట్ బ్యాక్ ఒకటి, గెట్ బ్యాక్ ఎట్ ఇంకొకటి.

"మొదటిది, చెంప మీద కొడితే చెంప మీద కొట్టడం. అప్పుడే, అక్కడే, అందరూ చూస్తుండగా. రెండోది అలా కాదండీ. ఇవాళ నవ్వుతాం. కూచోబెట్టి కాఫీ ఇస్తాం. మనకి వీలు చిక్కినప్పుడు, మన పద్ధతిలో తీర్చుకుంటాం. మన గోదావరి జిల్లాల వాళ్లకి ఈ రెండోది వేరే నేర్పక్కర్లేదు" అన్నారు.

అందరూ పడీపడీ నవ్వారు. తలా ఒక వాక్యం చెప్పమన్నారు. ఒకబ్బాయి దోమ మీద తీర్చుకున్నాడు, ఒకమ్మాయి వాళ్లన్నయ్య సైకిలు గాలి తీసింది. నా వంతు వచ్చింది. నా దగ్గర అసలైన వాక్యం ఉంది. నిజంగా జరిగింది, కొద్ది రోజుల కిందటే, మా పెరట్లో. అది చెప్పలేక, మా పిల్లి ఎదురింటి కుక్క మీద ఎలా తీర్చుకుందో చెప్పాను. మాస్టారు గ్రామరు సరిచేసి, గుడ్ అన్నారు.

చెప్పని ఆ వాక్యం సంగతే ఇది.

మాది మొక్కల నర్సరీ. మా ఊళ్లో పొలం ఉన్నవాడల్లా వరి మానేసి మొక్కలు పెంచేవాడే. నాన్న తన చెల్లెల్ని, అంటే మా అత్తయ్యని, తుని దగ్గర మెట్ట ఊరికిచ్చాడు. పెళ్లికి ముందు అత్తయ్య మా నర్సరీలో మామిడి అంట్లు కట్టేది. నాటు మామిడి మొక్క మొదలు చెక్కి, దానికి మంచి రకం కొమ్మ అతికించి, పాలిథీన్ పట్టీ చుట్టే పని. ఆవిడ కట్టిన ముడి ఊడటం తనెప్పుడూ చూళ్లేదని నాన్న గర్వంగా చెప్పుకునేవాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ మట్టిలో కూచుని కబుర్లాడుకుంటూ అంట్లు కట్టడం నా చిన్నప్పటి జ్ఞాపకాల్లో మొదటిది.

అత్తయ్య భర్త, మా మామయ్య, చెడ్డవాడని నేననను. కాస్త దర్జా మనిషి. పదిమంది ముందు పెద్దగా కనపడాలి, అంతే. కొత్తగా శ్లాబు ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. మేమంతా వెళ్లాం. మొదటి బంతిలో నాన్న కూచున్నాడు. విస్తరి వేశారు, నీళ్లు చల్లారు, పప్పూ కూరా వడ్డించారు. ఇంతలో ఎవరో ఆఫీసర్లు జీపులో దిగారు. మామయ్య గబగబా వచ్చి, నాన్న భుజం మీద చెయ్యేసి, "బావగారూ, మీరు ఇంట్లో మనిషే కదండీ. తర్వాత కూచుందురుగాని, కాస్త లేవండి" అన్నాడు.

నాన్న లేచాడు. నవ్వుతూనే లేచాడు. "దానికేముందండీ బావగారూ, అలాగే" అన్నాడు. ఆ విస్తరి తీసేసి, అక్కడే కొత్తది వేసి ఆఫీసరుని కూచోబెట్టారు.

మా వైపు మనుషులు చాలా వాటికి సర్దుకుపోతారు. మాట పడతారు, గట్టు జరిపినా చూసీచూడనట్టు పోతారు. వడ్డించిన విస్తరి ముందు నుంచి లేపితే మాత్రం చచ్చేదాకా మర్చిపోరు. మామయ్య కూడా గోదావరి గాలి పీల్చినవాడే, ఆయనకది తెలియక కాదు. ఆఫీసరుని చూసిన ఆత్రంలో ఏం చేస్తున్నాడో తోచలేదు. నాన్న ఆ పూట అక్కడ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తిరిగొస్తూ రైల్లో అమ్మ శనక్కాయలు కొనిస్తే ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు.

తొలకరి పడ్డాక మామయ్య మా ఇంటికొచ్చాడు. మెట్ట పొలంలో బంగినపల్లి తోట వేద్దామనుకుంటున్నానని, మొక్కలు కావాలని. నాన్న ఎదురెళ్లి కాళ్లకి నీళ్లిచ్చాడు. అమ్మ చేత పులస దొరకని కాలంలో కొరమీను పులుసు పెట్టించాడు, పప్పులో మీద మీద నెయ్యి వేయించాడు. మామయ్య మొక్కలకి ఎంతివ్వమంటారని అడిగితే చెవులు మూసుకున్నాడు. "అదేం మాటండీ. మా చెల్లెలికి పుట్టింటి సారె అనుకోండి" అన్నాడు. నాన్న మనసు ఎంత పెద్దదో అనుకుని నేను మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. నాన్న కూలీలని టీ తాగి రమ్మని పంపించి, లోడు తనే ఎక్కించాడు. ఎప్పుడూ లేనిది ఏంటా అని నేను షెడ్డు పక్కకి వెళ్లాను. మా నర్సరీలో పడమటి మూల అంటు చచ్చిన మొక్కలు పెట్టేవాళ్లం. అతికించిన మంచి కొమ్మ ఎండిపోయి, ముడి కింద నుంచి నాటు మొక్కే మళ్లీ చిగురేసినవి. చూడ్డానికి ఏపుగా, పచ్చగా, మంచి వాటికన్నా బాగుంటాయి. ముడి కూడా ఉంటుంది. తెలియనివాడు వాటినే ఏరుకుంటాడు. ఇంకోసారి అంటు కట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావు. వదిలేస్తే మామూలుకన్నా రెండింతల కాలానికి పుల్లటి పీచుకాయలు కాస్తాయి.

నాన్న వాటిని ఎక్కిస్తున్నాడు. అన్నీ అవి కాదు. ఒక వరస మంచివి, ఒక వరస అవి.

"నాన్నా, అవి ఆ మూలవి" అన్నాను.

"నువ్వు లోపలికెళ్లమ్మా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయమేసింది.

వ్యాను వెళ్లిపోయాక అమ్మతో చెప్పాను. అమ్మ చేతిలో చేట పక్కన పెట్టి నాన్న దగ్గరికి వెళ్లింది. నాన్న దాచలేదు. "ఆయన నన్ను ఒక్క పూట లేపాడు. నేనాయన్ని ఆ తోటలో ఎన్నేళ్లు కూచోబెడతానో చూడు" అన్నాడు. మొహంలో ఏదో పండగ కళ.

అమ్మ ఆయన వంక చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆ తోటకి నీళ్లు మోసేది ఎవరనుకున్నారండీ? మీ బావగారా?"

నాన్న మొహం ఎలా మారిపోయిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆయన నిజంగా మర్చిపోయాడు. విస్తరి గుర్తుంది, భుజం మీద చెయ్యి గుర్తుంది, ఆఫీసరు జీపు రంగు కూడా గుర్తుంది. అవతలి ఇంట్లో తన చెల్లెలుందన్న సంగతి మాత్రం గుర్తు లేదు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత జాలీ వేసింది.

పోనీ చెప్పేద్దామా అంటే, ఏమని చెప్పాలి? ఎవరికి చెప్పాలి? "మోసం చేశామని చెప్తే ఆ మనిషి మళ్లీ మీ చెల్లెల్ని మన గుమ్మం తొక్కనిస్తాడా?" అంది అమ్మ. చెప్తే అత్తయ్యకి పుట్టిల్లు పోతుంది. చెప్పకపోతే పనికిరాని చెట్లకి ఏళ్ల తరబడి చాకిరీ చేస్తుంది. ముగ్గురం చేతులు కట్టుకుని కూచున్నాం. నేను స్పోకెన్ ఇంగ్లీషులో పిల్లి గురించి చెప్పింది ఆ రోజుల్లోనే.

ఎండాకాలం సెలవుల్లో నేను తుని వెళ్లాను. అత్తయ్య నన్ను తోటలోకి తీసుకెళ్లింది. ప్రతి మొక్కకీ తాటాకు గొడుగు కట్టింది. బోరు దగ్గర బిందె నింపి నడుమున పెట్టుకుని, ఒక్కో మొక్క దగ్గరా వంగి పాదులో పోస్తుంది. ఆ ఊరి ఎండకి ఆవిడ మొహం నల్లబడిపోయింది, అరిచేతులు కాయలు కాశాయి. నేను సాయం చేస్తానంటే, "నువ్వు చదువుకునే పిల్లవి, నీడలో కూచో" అంది. నడుస్తూ నడుస్తూ ఒక మొక్క దగ్గర ఆగి, లేతాకు ఒకటి తుంచి, నలిపి వాసన చూసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆ మొక్క ముడి నాకు కనిపిస్తోంది. దాని కింద నుంచే కొమ్మ బయల్దేరడమూ కనిపిస్తోంది. బిందె పట్టుకుని బోరు దగ్గరికి పరిగెత్తాను, కనీసం ఆ ఒక్క పూటైనా నీళ్లు నేను మొయ్యాలని.

ఇంటికొచ్చి నాన్నకి చూసిందంతా చెప్పాను. బిందె సంగతి, అరిచేతుల సంగతి, తాటాకుల సంగతి. ఆయన వింటున్నంతసేపూ కింద చూస్తూనే ఉన్నాడు. వానలు పడ్డాక ఒకరోజు తెల్లారే లేచి, మా తల్లిచెట్టు నుంచి బంగినపల్లి పుల్లలు కోసి, తడిపిన గోనెలో చుట్టి, కత్తీ పాలిథీన్ పట్టీలూ సంచీలో పెట్టుకున్నాడు. అక్కడే, నిలబడ్డ మొక్కలకే మళ్లీ అంటు కడతాడట. అలా కట్టొచ్చు. అంటే ఇంకా సరిదిద్దుకునే దారి ఉందన్నమాట. నేనూ వస్తానన్నాను. కడియంలో ప్యాసింజరెక్కాం. దారి పొడుగునా ఆ గోనె మూట ఒళ్లోంచి దించలేదు. "మామూలుగా చూడ్డానికొచ్చామని చెప్పి, చూస్తూ చూస్తూ, అరే ఇవి కొన్ని దెబ్బతిన్నాయండీ అని మొదలుపెడతాను" అని నాకు రిహార్సల్ చేసి చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మేం వెళ్లేసరికి మామయ్య అరుగు మీద నలుగురితో కూచున్నాడు. నాన్నని చూడగానే లేచి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూచోబెట్టాడు. "ఇదిగో, వీరేనండి మా బావగారు. నేను చెప్పలా, తోట మొత్తం రూపాయి పుచ్చుకోకుండా ఇచ్చారని. ఈ కాలంలో ఎవరిస్తారండీ?" అన్నాడు. ఆ నలుగురూ నాన్నకి నమస్కారాలు పెట్టారు. మధ్యాహ్నం భోజనాలకి మొదటి విస్తరి నాన్నకే వేశారు. మామయ్య తను కూచోకుండా దగ్గరుండి వడ్డించాడు. గృహప్రవేశం నాటిది ఆయనా మర్చిపోలేదేమో, దిద్దుకుంటున్నాడేమో, నాకు తెలీదు. నాన్న ముద్ద మింగలేకపోతున్నాడని మాత్రం తెలుస్తోంది.

తోటలోకి వెళ్లాం. నాన్న ప్రతి మొక్కా చూశాడు. "బాగున్నాయండీ" అన్నాడు. మళ్లీ ఒకసారి "బాగున్నాయి" అన్నాడు. మూటలో ఏంటి బావగారూ అని మామయ్య అడిగితే, "ఏం లేదండీ, తునిలో ఒకాయనకి ఇవ్వాల్సినవి" అన్నాడు. నేను నాన్న చొక్కా వెనక నుంచి లాగాను. ఆయన నా చెయ్యి విడిపించుకున్నాడు. అత్తయ్య ఆ గోనె మూట వంకే చూస్తోంది.

తిరుగు రైల్లో ఆ పుల్లలు వాడిపోయాయి. నాన్న గోనె విప్పి, ఒక్కొక్కటే కిటికీలోంచి బయటికి వేశాడు. మళ్లీ వెళ్దాం నాన్నా అంటే తల ఊపాడు. మళ్లీ వెళ్లలేదు.

ఏళ్లు గడిచాయి. నేను బీఎడ్ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరాను. తోటలో సగం చెట్లు పూత పూసి కాపుకొచ్చాయి, సగం చెట్లు ఆకులు తప్ప పూత ఎరగకుండా పెరిగిపోయాయి. ఆ ఏడు మామయ్య ఏదో పని మీద కడియం వచ్చి మా ఇంట్లో భోజనానికి కూచున్నాడు. నాన్నే వడ్డిస్తున్నాడు.

"మీరు బంగారం లాంటి మొక్కలిచ్చారండీ బావగారూ. మీ చెల్లెలికే వాటి మీద ధ్యాస లేదు. నీళ్ల దగ్గర బద్ధకించింది. దగ్గరున్న వాటికి పోసి దూరంగా ఉన్న వాటిని వదిలేసుంటుంది. సగం తోట గొడ్డుపోయింది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎంత చెప్పినా బెల్లం కొట్టిన రాయిలా నించుంటుంది, తప్పు ఒప్పుకోదు" అన్నాడు.

నాన్న చేతిలో పప్పు గిన్నె అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్పక చస్తాడా అని నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను. నాన్న గిన్నె వంచి, "ఇంకాస్త వేయించుకోండి బావగారూ" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆదివారమే నేను తుని వెళ్లాను. మామయ్య అరుగు మీద పేపరు చదువుకుంటుంటే, వంటింట్లో అత్తయ్య పక్కన కూచుని, నాన్న చేసింది చెప్పేశాను. మొత్తం, వ్యాను దగ్గర్నుంచీ.

అత్తయ్య కూర కలుపుతూనే వింది. ఆఖరికి గరిటె పక్కన పెట్టి, "మొక్కలు దింపిన రోజే తెలిసిందే నాకు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ముడి కింద నుంచి చిగురేసిన మొక్కని గుర్తుపట్టలేనా? నేనెవరింట్లో పుట్టాను?"

"మరి ఇన్నేళ్లూ వాటికి నీళ్లెందుకు పోశావత్తా? పీకించి వేరేవి పెట్టించాల్సింది!"

"ఏమని చెప్పి పీకించను? మా అన్నయ్య మోసం చేశాడనా? ఆ మాట ఈ ఇంట్లో ఒక్కసారి అంటే మళ్లీ నేను కడియం వస్తానా? నేనే కత్తి పట్టి మళ్లీ అంట్లు కట్టినా ఆ మాట బయటపడేదే కదా. నీళ్లు పొయ్యలేదని తిట్లు పడితే పోతుంది. తిట్లకేం, ఒంటికి అంటుకుంటాయా?"

"కోపం రాలేదా?"

"రాకేం? వచ్చింది. తీసుకెళ్లి ఎవరి మీద చూపించమంటావు?" అంది. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ కళ్లల్లో నీళ్లు లేవు. నాకే వచ్చాయి. "మీ నాన్న పుల్లలు తెచ్చుకున్న రోజు, మూట విప్పుతాడేమోనని సాయంత్రం దాకా చూశాను. విప్పలేకపోయాడు పాపం. నాకు తెలుసని మాత్రం చెప్పకే. తెలిస్తే ఇంక నా మొహం చూడలేడు, ఇటు వైపే రాడు."

అరుగు మీంచి మామయ్య "టీ ఏమైంది?" అని కేకేశాడు. అత్తయ్య లేచింది. నేను అన్నీ చెప్పేసి బరువు దించుకుందామని వెళ్లినదాన్ని. అక్కడినుంచి ఇంకో బరువు ఎత్తుకుని వచ్చాను.

తర్వాతి ఏడు ఆ నాటు చెట్లు మొదటిసారి కాశాయి. నీళ్లు చాలకే పుల్లటి పీచుకాయలు దిగాయని మామయ్య దానికీ అత్తయ్యనే తిట్టాడట. వేసవిలో నేను వెళ్లినప్పుడు అత్తయ్య నాకొక జాడీ ఇచ్చింది, వాసెన గుడ్డ కట్టి. "ఆవకాయ. అన్నయ్యకి ఇష్టం. పులుపూ పీచూ ఉన్న కాయలైతేనే ముక్క గట్టిగా నిలుస్తుంది. ఈసారి మన తోటలో కాయలే కలిసొచ్చాయి, ఆ మాట చెప్పు" అంది.

ఇంటికొచ్చాక అమ్మ అరిటాకులో వేడన్నం వడ్డించి, నాన్నకి కొత్తావకాయ వేసింది. ఎవరు పంపారని అడిగాడు. అత్తయ్య అన్నాను. ఆయన మొహం వెలిగింది. కాయలెక్కడివి అన్నాడు. నేను చెప్పాను.

నాన్న ముక్క చేతిలోకి తీసుకుని, వేళ్లతో విడదీసి, పీచు చూశాడు. దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత ముక్క ఆకులో పెట్టేసి లేచాడు.

"అన్నం ముందు నుంచి లేచిపోతారేంటండీ?" అంది అమ్మ.

ఆయన నూతి దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. కడిగిన చెయ్యే మళ్లీ మళ్లీ కడుక్కుంటుంటే అమ్మ వెళ్లి తువ్వాలిచ్చి తీసుకొచ్చింది. నేను ఆ ఆకు వంక చూస్తూ కూచున్నాను. మా మాస్టారు బోర్డు మీద రాసిన మాట గుర్తొచ్చింది. అత్తయ్య పంపింది ప్రేమా, తీర్చుకోవడమా? ఆవిడని అడిగే ధైర్యం నాకు ఎప్పటికీ రాలేదు. ఆ పాఠం వచ్చినప్పుడల్లా మా స్కూలు పిల్లలకి నేను ఇప్పటికీ ఆ పిల్లీ కుక్కా వాక్యమే చెప్తాను.

ఆవకాయ అమ్మా నేనూ తిన్నాం. జాడీ ఖాళీ అయ్యాక అమ్మ కడిగి ఎండబెట్టింది. మా ఇళ్లల్లో పక్కింటి వాళ్ల గిన్నె కూడా ఖాళీగా తిరిగివ్వం, పిడికెడు పంచదారైనా పోసి ఇస్తాం. నాన్న ఆ జాడీ పక్కన నిలబడి, "ఇందులో ఏం పెట్టి పంపుదామే?" అని అమ్మని అడిగాడు. అమ్మ నా వంక చూసింది. ఆ జాడీ చాలా కాలం మా వంటింటి అటక మీదే ఉండిపోయింది, అత్తయ్య కూడా ఎప్పుడూ అడగలేదు.